మంచు మీది బాకీలు

మన పక్క చలి అంటే పుష్యమాసంలో తెల్లవారుజామున దుప్పటి ముసుగు తీయబుద్ధి కాకపోవడం. మంచు అంటే గడ్డికొసల మీద మెరిసి, ఎండ ఎక్కేసరికి మాయమయ్యే నాలుగు బిందువులు. నేలనంతా నిలువులోతున కప్పేసి, నెలల తరబడి కరగకుండా కూచునే మంచును మనం ఊహించుకోవాలంటే, దూది బస్తాలు విప్పి ఊరూ వాడా చేనూ చెలకా అంతటా పరిచేసినట్టు తలుచుకోవాలి. ఆ దూదిలో కాలు పెడితే మోకాటి దాకా, ఒక్కొక్కచోట నడుం దాకా దిగబడుతుంది. ఆ కాలు పైకి లాగి రెండో అడుగు వేసేసరికి తలప్రాణం తోకకు వస్తుంది.

ఇప్పుడు ఆ మనిషి పాదాల కింద రెండు పొడుగాటి చెక్కలు కట్టండి. ఒంటి బరువంతా చెక్క పొడుగునా పరుచుకుంటుంది గనక కాలు దిగబడదు. పైగా చెక్క జారుతుంది. ఇందాక అడుగు తీసి అడుగు వేయలేని మనిషి, ఇప్పుడు ఏటవాలు దొరికితే గుర్రంతో పందెం వేయగలడు. స్కీ అంటే ఇంతే. ఇందులో యంత్రం లేదు, చక్రం లేదు.

ఈ వారం ఆ చెక్కముక్కల కథ చెప్పుకుందాం. ఆట కథేగా, గెలుపులూ ఓటములూ తప్ప ఇంకేముంటాయి అనుకోకండి. ఈ కథ నిండా బాకీలే. ఒకరు కష్టపడితే ఇంకొకరికి పేరు రావడం, ఒకరి మాట నిజమైనా నలుగురూ నమ్మకపోవడం, పని చేయించుకున్నవాళ్ళు కూలి ఎగవేయడం, ఇవన్నీ వున్నాయి. కొన్ని బాకీలు యాభయ్యేళ్ళకు తీరాయి. ఒకటి నూటయాభయ్యేళ్ళు పట్టింది. మరొకటి ఈనాటికీ తీరనే లేదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక ముందు మాట సంగతి చూస్తాను. ‘స్కీ’ అన్నది నార్వే వాళ్ళ మాట. వాళ్ళ నోట అది ‘షీ’ అని పలుకుతుంది. దాని పాత రూపానికి అర్థం చీల్చిన కట్టెముక్క అని. మన ‘చెక్క’లో చెక్కడం వున్నట్టే వాళ్ళ ‘స్కీ’లో చీల్చడం వుందన్నమాట. పేరులోనే గొడ్డలి చప్పుడు వినిపించే వస్తువు మొదట పుట్టింది వడ్రంగి పనిలోనే గాని వినోదంలో కాదు.

ఎప్పుడు పుట్టింది అంటారా? స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ అనే ఊళ్ళో 1924లో బురదనేల తవ్వుతుంటే ఒక జత చెక్కలూ, పార ఆకారంలో వున్న ఒక కర్రా బయటపడ్డాయి. వాటి వయస్సు అయిదువేల ఏళ్ళ పైమాటే. రష్యా ఉత్తర ప్రాంతంలో విస్ అనేచోట దొరికిన ముక్కలు ఇంకా పాతవి. ఎనిమిదివేల ఏళ్ళ నాటివి. అందులో ఒక చెక్క అడుగున కొమ్ముదుప్పి తల చెక్కి వుంది. అందానికి అందం, వెనక్కు జారకుండా నిలవడానికి అడ్డూ అయి వుంటుందని పండితుల ఊహ. అంటే మనుషులు బండిచక్రం తిప్పడం నేర్వకముందే మంచుమీద జారడం నేర్చారు. చైనా వాళ్ళ పాత చరిత్రల్లో ఉత్తరాన వుండే ‘చెక్కగుర్రాల తురుష్కుల’ ప్రసక్తి వుంది. కాళ్ళకు చెక్కలు కట్టుకొని జింకల్ని తరిమేవాళ్ళకు అంతకంటె మంచి పేరు ఎవరు పెడతారు?

కూటికోసం కోటివిద్యలు అన్నారు. ఇదీ ఆ కోటిలో ఒకటే. వేటకు వెళ్ళాలి, కట్టెలు తెచ్చుకోవాలి, పక్క లోయలో వున్న బంధువు చావుకూ పెళ్ళికీ అందుకోవాలి. నార్వే కొండల్లో డిగర్‌వార్డెన్ అనే చోట మంచుగడ్డ కరిగి 2014లో ఒక చెక్క బయటపడింది. ఏడేళ్ళు కాచుకొని వుంటే 2021లో దాని జతచెక్క కూడా ఆ దగ్గరలోనే దొరికింది. సుమారు 1,300 ఏళ్ళ నాటి జత అది. పాదాన్ని పట్టి వుంచే కట్టు కూడా చెడిపోలేదు. విశేషమేమిటంటే ఆ రెండు చెక్కలూ అచ్చంగా ఒక్కలా లేవు. బాగా వాడి, అరిగి, మరమ్మతు చేయించిన గుర్తులున్నాయి. పాత చెప్పుల జతలో ఒకటి తెగితే ఇంకొకటి కుట్టించుకొని వాడుకునే సంసారి ఎవరో కళ్ళకు కట్టడం లేదూ?

నార్వే ప్రజలు తమ చరిత్రలో ఎన్నడూ మరిచిపోని ఒక ప్రయాణం కూడా ఈ చెక్కల మీదనే సాగింది. 1206వ సంవత్సరం చలికాలం. దేశంలో రెండు పక్షాలు సింహాసనం కోసం కొట్టుకుంటున్నాయి. రాజుగారి బిడ్డ, ఇంకా రెండేళ్ళు నిండని పసివాడు, శత్రువుల చేతికి చిక్కే ప్రమాదం వచ్చింది. ఆ పిల్లవాణ్ణి కాపాడుతున్న పక్షానికి ‘బిర్కెబైనర్’లని పేరు, అంటే బర్చిచెట్టు పట్ట కాళ్ళకు చుట్టుకునేవాళ్ళు అని. కాలికి సరైన తొడుగు కొనుక్కోలేని బీదవాళ్ళని శత్రువులు వెక్కిరించిన పేరు అది. తోర్‌స్టైన్, షెర్వాల్ అనే ఇద్దరు యోధులు ఆ పిల్లవాణ్ణి ఎత్తుకొని, లిల్లెహామర్ నుంచి తుపానులో కొండలు దాటి అవతలి లోయకు చేర్చారు. ఆ పసివాడు పదమూడేళ్ళకు హోకోన్ రాజయ్యాడు. 1263లో చనిపోయేదాకా ఏలాడు. అంతఃకలహాలు అతని కాలంలోనే అణిగాయి. 1932 నుంచి ఆ దారిలో స్కీ పందెం జరుగుతున్నది. పందెంలో పాల్గొనే ప్రతివాడూ వీపున మూడున్నర కిలోల మూట మోయాలి. అది ఆ పిల్లవాడి బరువుకు గుర్తు. ఇది తీర్చిన బాకీల్లో ఒకటి. ఇంత సొగసుగా బాకీ తీర్చడం అందరికీ చేతకాదు.

ఇంతవరకు చెక్కలు పనిముట్లే. అవి ఆటవస్తువు ఎట్లా అయ్యాయి?

నార్వే దక్షిణభాగంలో టెలిమార్క్ అనే సీమ వుంది. అందులో మోర్గెడాల్ ఒక చిన్న పల్లె. 1825 జూన్ 10న అక్కడ సోంద్రె నోర్‌హైమ్ అనే అతను పుట్టాడు. సొంత భూమి లేదు. కామందు పొలం అంచున చిన్న గుడిసె వేసుకొని, ఆయన పనికి పోతూ బతికే కౌలు కూలి. కర్రపని బాగా తెలుసు. ఇంటినిండా పిల్లలు. ఇటువంటి మనిషి కొత్తమంచు పడిందంటే మటుకు చేతిలో పని వదిలేసి కొండ ఎక్కేవాడట. ఇంటి కప్పుల మీదనుంచి కూడా దూకేవాడని చెప్పుకుంటారు. ‘ఇల్లు గడిచే మార్గం చూడక ఈ ఆటలేమిటి’ అని అనుకున్నవాళ్ళు వూళ్ళో వుండే వుంటారు. ఎవరి ఊళ్ళో వుండరు?

కాని ఆ ఆటలోనే అతను రెండు సంగతులు కనిపెట్టాడు.

అంతకు ముందు చెక్కకు పాదం బిగించేది వేళ్ళ దగ్గర వుండే ఒక్క పట్టీయే. హవాయి చెప్పులు వేసుకొని పరుగెత్తినట్టు వుండేది. మలుపు తిరగబోతే మడమ ఒక పక్కకు, చెక్క ఒక పక్కకు. దూకితే చెక్క వూడి ఎక్కడో పడేది. అందుకని వాలులో దిగేటప్పుడు పొడుగాటి గడకర్ర ఒకటి పట్టుకొని, దానిమీద ఆనుకొని, దాన్నే ఆపుడుగా వాడుకుంటూ దిగేవారు. నోర్‌హైమ్ చెట్ల సన్నని కొమ్మల్ని మెలిపెట్టి, తాడులా పేని, మడమ చుట్టూ తిప్పి కట్టాడు. తాడు లాంటి గట్టిదనం వుంది, స్ప్రింగు లాంటి సాగుడూ వుంది. నడిచేటప్పుడు మడమ పైకి లేస్తుంది; మలుపులో చెక్క పాదం చెప్పినట్టు వింటుంది; దూకితే వూడదు. రెండో సంగతి, చెక్క నడుమును సన్నగా చెక్కాడు. రెండు చివరలా వెడల్పు, మధ్య సన్నం. అట్లాంటి చెక్కను కాస్త పక్కకు ఒరగనిస్తే దాని అంచు తనంతట తనే మంచుమీద వంపు గీస్తుంది. మలుపు తిప్పే శ్రమ మనిషికి సగం తగ్గిపోయింది. ఈనాడు కర్మాగారాలలో తయారయ్యే స్కీల నడుము కూడా సన్నమే.

గడకర్ర అక్కర్లేకపోయేసరికి మనిషికి చేతులు ఖాళీ అయ్యాయి. చేతులు ఖాళీ అయిన మనిషి దూకాడు.

దూకడం కొత్త కాదు. 1808లో ఓలాఫ్ రీ అనే సైనికాధికారి తన సిపాయిల ఎదుట 9.5 మీటర్లు దూకాడని చెబుతారు. బహుమతులు పెట్టి నలుగురిలో పోటీ జరిపినట్టు తెలిసినది 1862 జనవరిలో, త్రీసిల్ అనే వూళ్ళో. నోర్‌హైమ్ దూకుడు వీటికన్నా వేరు. ఇతరులు గాలిలో తంటాలు పడితే అతను కాళ్ళు దగ్గరగా ముడిచి, నేలను తాకే క్షణంలో ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాపి, మోకాలు వంచి మెత్తగా దిగేవాడు. ఆ దిగుడుకు ఈనాటికీ అతని సీమ పేరు మీదనే ‘టెలిమార్క్’ అని పేరు. దూకుడు పోటీల్లో అట్లా దిగనివాడికి ఇప్పటికీ మార్కులు తగ్గుతాయి.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటి వుంది. అంత ఎత్తునుంచి పడితే ఎముకలు మిగులుతాయా అని. రహస్యమంతా కొండలో వుంది. దూకినవాడు పడేది చదును నేలమీద కాదు, ఏటవాలు మీద. అతను గాలిలో గీసే వంపూ, కింద కొండ దిగే వంపూ ఇంచుమించు పక్కపక్కనే సాగుతాయి. నేల అతన్ని ఎదురొచ్చి కొట్టదు. పక్కనుంచి వచ్చి అందుకుంటుంది. వాలు దాటి చదునుమీద పడ్డాడా, అప్పుడే ప్రమాదం. అందుచేత దూకుడు మిట్టలు కట్టేవాళ్ళకు ఎంత ఎత్తు కట్టాలన్నదాని కంటె వాలు ఎక్కడ అంతం కావాలన్నది పెద్ద లెక్క.

1868 ఫిబ్రవరిలో రాజధాని క్రిస్టియానియాలో, అనగా నేటి ఆస్లోలో, స్కీ పోటీ ఏర్పాటయింది. ఇంట గెలిచిన నోర్‌హైమ్ రచ్చ గెలవడానికి బయలుదేరాడు. రైలు కాదు, బండి కాదు. సుమారు 200 కిలోమీటర్లు, ఆ చెక్కలమీదనే. అప్పటికి అతనికి నలభైరెండేళ్ళు. తన వయస్సులో సగం వున్న పట్నం కుర్రవాళ్ళు గడకర్రలు పట్టుకొని దిగుతుంటే, ఇతను ఒట్టి చేతులతో దిగి మొదటి బహుమతి పట్టుకుపోయాడు. పట్నమంతా నివ్వెరపోయింది. టెలిమార్క్ కుర్రవాళ్ళను పిలిపించి పట్నంలో స్కీ బడి పెట్టించేదాకా పోయింది ఆ మోజు. 1892లో క్రిస్టియానియా పక్కన హోల్మెన్‌కోలెన్ కొండమీద మొదలైన పోటీలు నార్వే వాళ్ళకు పెద్ద తిరనాళ్ళయిపోయాయి. మొదటి ఏడు అక్కడ అందరికంటె దూరం దూకినవాడి లెక్క 21.5 మీటర్లు.

నోర్‌హైమ్ సంగతి మళ్ళీ వస్తాను. ఈలోపల అతని సీమవాడే ఇంకొకడు సముద్రం అవతల ఏం చేశాడో చూడండి.

అతని పేరు జోన్ రూ. 1827లో టెలిమార్క్‌లోనే పుట్టి, పదేళ్ళ వయస్సులో తల్లితో అమెరికా చేరాడు. అక్కడ జాన్ థామ్సన్ అయ్యాడు. ఆ రోజుల్లో కాలిఫోర్నియాకూ, కొండలకు తూర్పునున్న వూళ్ళకూ మధ్య చలికాలం ఉత్తరాలు నడిచేవి కావు. సియెరా నెవాడా కొండల్లో మంచు అంత దట్టం. ఆ టపా మోసే మనిషి కావాలన్న ప్రకటన చూసి, థామ్సన్ తన పల్లె జ్ఞాపకంతో పదడుగుల చెక్కలు చెక్కుకున్నాడు. 1856 నుంచి ఇరవై చలికాలాలు, ప్లాసర్‌విల్ నుంచి జెనోవా వూరికి 90 మైళ్ళ దారి. పోవడానికి మూడురోజులు, రావడానికి రెండు. వీపున బరువు ఒక్కొక్కసారి నూరు పౌనులు. కంబళి కూడా బరువని తీసుకుపోయేవాడు కాదు. మోడుకు నిప్పు పెట్టుకొని దాని పక్కన పడుకునేవాడు. ఈటెకు గజ్జెలు కట్టుకొని అడవుల్లో పరుగెత్తిన మన పాతకాలపు టపా రన్నరుకు అతను అన్నదమ్ముడు.

ఒకసారి దారిలో ఒక గుడిసెలో మనిషి కాళ్ళు మంచుకు మొద్దుబారి కుళ్ళిపోతూ కనిపించాడు. థామ్సన్ వూరికి పోయి జనాన్ని వెంటబెట్టుకొచ్చి అతన్ని మోయించాడు. కాళ్ళు తీసేయాలన్నాడు వైద్యుడు, మత్తుమందు లేదన్నాడు. థామ్సన్ ఆ మందుకోసం మళ్ళీ కొండలు దాటి కాలిఫోర్నియా పోయి తెచ్చాడు. ఆ మనిషి బతికాడు.

ఇంత చేసిన మనిషికి ప్రభుత్వం జీతం ఇచ్చిందా? ఇస్తాం, చూస్తాం అంటూనే వచ్చారు. చివరకు ఆరువేల డాలర్లు ఇప్పించండని వాషింగ్టన్ దాకా పోయి మొర పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. 1876లో, యాభై నిండకుండానే పోయాడు. అతని సమాధి రాతిమీద ఒక జత స్కీలు చెక్కారు. శిలావిగ్రహాలు కూడా లేచాయి. బాకీ పద్దు మటుకు అట్లాగే వుండిపోయింది.

మాట నమ్మకపోవడం అనే బాకీ వేరే రకం. ఉత్తర స్కాండినేవియాలో రెయిన్‌డీర్లను మేపుకునే సామీలు చెక్కలమీద తిరగడంలో ఎవరికీ తీసిపోరు. 1883లో నార్డెన్‌షల్డ్ అనే స్వీడన్ అన్వేషకుడు గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమి చూడబోతూ ఇద్దరు సామీలను వెంట తీసుకుపోయాడు. దారిలో తాను ఆగిపోయి వాళ్ళిద్దరినీ ముందుకు పంపాడు. వాళ్ళు 57 గంటల్లో తిరిగొచ్చి, పోనూ రానూ కలిసి 460 కిలోమీటర్లు తిరిగామన్నారు. స్వదేశం చేరాక పెద్దలు నవ్వారు. చదువురాని వాళ్ళు, గడియారం చూసి దూరం అంచనా కట్టారు, అంత వేగం అసంభవం అన్నారు. నార్డెన్‌షల్డ్ ఊరుకోలేదు. 1884 ఏప్రిల్‌లో యోక్‌మోక్ అనే చోట 220 కిలోమీటర్ల పందెం పెట్టించాడు. గెలిచినవాడు ఆ ఇద్దరిలో ఒకడైన పావ్వా లార్స్ తువోర్దా. 21 గంటల 22 నిమిషాలలో పూర్తిచేశాడు. నవ్విననాపచేనే పండుతుందన్న సామెత స్వీడన్‌లో వుందో లేదో గాని, ఆ రోజు దానికి అర్థం మటుకు అక్కడ అందరికీ తెలిసింది.

ఆ వార్తే ఇంకొక యువకుడి మనస్సులో నిప్పు రాజేసింది. అతను నార్వే వాడైన ఫ్రిజోఫ్ నాన్సెన్. చెక్కలమీద మంచు పీఠభూమిలో అంత దూరం పోగలిగితే, గ్రీన్‌లాండ్‌ను ఈ దరి నుంచి ఆ దరికి దాటవచ్చునుగదా అనుకున్నాడు. 1888లో ఆరుగురు బయలుదేరారు. వారిలో ఇద్దరు సామీలే. జనం వుండేది పడమటి తీరాన. అందరూ అక్కడినుంచి బయలుదేరడం, కష్టమైతే వెనక్కు రావడం మామూలు. నాన్సెన్ తూర్పున, మనిషి అలికిడి లేని తీరాన దిగాడు. వెనక్కు తిరిగితే దిక్కులేదు, ముందుకు పోవడమొక్కటే. చివరకు గుడారపు గుడ్డతో పడవ కట్టుకొని వూరు చేరేసరికి ఆ ఏటి ఆఖరి ఓడ దాటిపోయింది. చలికాలమంతా అక్కడే వుండి, మరుసటి ఏడు ఇల్లు చేరారు. ఆ ప్రయాణం మీద 1890లో నాన్సెన్ రాసిన పుస్తకం ఐరోపా అంతా చదివారు. మన కాళ్ళకూ చెక్కలు కావాలని జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు యువకులు నార్వేకు ఉత్తరాలు రాశారు. ఈ నాన్సెనే తరువాత కాందిశీకుల సేవకు 1922లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు.

ఆస్ట్రియాలో జడార్‌స్కీ అనే ఆయన అట్లా తెప్పించుకొని చూస్తే, నార్వే చెక్కలు ఆల్ప్స్ కొండల నిట్రవాలుకు పనికిరాలేదు. పొడుగు తగ్గించి, ఇనుప కట్టు బిగించి, కొత్త పద్ధతి కల్పించాడు. స్విట్జర్లాండులో ఇంకొక చిత్రం జరిగింది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్‌ను మన పాఠకులకు వేరే పరిచయం చేయనక్కర్లేదు. భార్యకు క్షయ వస్తే గాలి మార్పుకని ఆయన దావోస్‌లో మకాం పెట్టాడు. 1894లో బ్రాంగర్ అనే స్థానిక సోదరులు తోడురాగా దావోస్ నుంచి కనుమ దాటి అరోసా వూరికి స్కీలమీద వెళ్ళాడు. దారిలో దొర్లిన దొర్లుళ్ళన్నీ హాస్యంగా పత్రికలో రాసి, వందలకొద్దీ ఇంగ్లీషువాళ్ళు ఈ ఆటకోసం స్విట్జర్లాండు వచ్చే రోజు దూరంలో లేదన్నాడు. ఆ జోస్యం ఫలించింది. బీదవాడి చెక్క ధనవంతుడి విలాసమైంది.

1924లో ఫ్రాన్సులోని షామోనీలో మొదటి శీతాకాలపు ఒలింపిక్స్ జరిగాయి. స్కీ దూకుడులో మొదటి స్థానం నార్వేకు చెందిన థామ్స్‌ది. మూడోది థోర్‌లైఫ్ హౌగ్‌కు ఇచ్చారు. ఆండర్స్ హౌగెన్ అని టెలిమార్క్‌లో పుట్టి అమెరికా వలసపోయినవాడు నాలుగోవాడయ్యాడు. అందరికంటె దూరం, 50 మీటర్లు, దూకినవాడు అతనే. కాని దూకుడులో దూరానికి కొన్ని మార్కులు, తీరుకు కొన్ని మార్కులు. సరే అనుకొని ఇంటికి పోయాడు. యాభయ్యేళ్ళు గడిచాయి. 1974లో, ఆ నాటి ఆటగాడే అయిన స్ట్రోమ్‌స్టాడ్ పాత కాగితాలు తిరగేస్తూ హౌగ్ మార్కుల లెక్కలో పొరపాటు పట్టుకున్నాడు. సరిచూస్తే మూడోవాడు హౌగెన్! హౌగ్ అప్పటికి కీర్తిశేషుడై నలభై ఏళ్ళు. ఆయన కూతురు తండ్రి పతకాన్ని తన చేతులతో తీసుకొచ్చి, ఆస్లోలో, ఎనభైఅయిదేళ్ళ హౌగెన్‌కు అందజేసింది. తప్పు ఆమెది కాదు, తండ్రిదీ కాదు. లెక్క రాసినవాళ్ళది. అయినా ఇంట్లో ఇన్నాళ్ళుగా గర్వంగా దాచుకున్న వస్తువును ఇది మీది అని ఇచ్చివేయడానికి మనసుండాలి.

నూటయాభయ్యేళ్ళ బాకీ అన్నాను గదా, అది ఆడవారిది. 1862లో త్రీసిల్‌లో జరిగిన ఆ మొదటి పోటీ రోజునే ఇంగ్రిడ్ వెస్ట్‌బీ అనే పడుచు కూడా దూకింది. అంటే ఈ ఆటలో స్త్రీలకు మగవాళ్ళంత ప్రాచీనత వుంది. కాని దూకడం ఆడవాళ్ళ శరీరానికి మంచిది కాదని పెద్దలు తేల్చారు. ఆ మాట 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడి నోట వినిపించింది! 2010 ఒలింపిక్స్‌లో చోటు కోసం క్రీడాకారిణులు కెనడాలో కోర్టుకెక్కి ఓడిపోయారు. ఆఖరికి 2014లో, సోచీలో, ఒలింపిక్ దూకుడు మిట్ట ఆడవారికి ఎక్కనిచ్చారు. త్రీసిల్ నుంచి సోచీకి 152 ఏళ్ళు.

మగవారి దూరాలు ఈలోగా ఎక్కడికో పోయాయి. 1936లో పద్ధెనిమిదేళ్ళ ఆస్ట్రియా కుర్రవాడు బ్రాడ్ల్ నూరు మీటర్లు దాటాడు. 1980లలో స్వీడన్‌కు చెందిన బోక్‌లోవ్ చెక్కల ముందుకొనల్ని విడదీసి, ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా పట్టుకొని దూకితే మొదట తీరు బాగాలేదని మార్కులు కోశారు. కాని గాలి అతని పక్షాన వుంది. ఆ ఆకారం మనిషిని పక్షి రెక్కలా మోసింది. కొన్నేళ్ళకు అందరూ అతని దారే పట్టారు. 2025లో స్లొవేనియా వాడు డోమెన్ ప్రెవ్త్స్ 254.5 మీటర్లు వెళ్ళి వాలాడు. హోల్మెన్‌కోలెన్ మొదటి ఏటి దూకుడుకు ఇది దాదాపు పన్నెండింతలు.

ఇక నోర్‌హైమ్. ఆట దేశమంతా వ్యాపించినా అతని సంసారం ఒడ్డున పడలేదు. 1884లో, యాభైతొమ్మిదో ఏట, భార్యనూ పిల్లలనూ తీసుకొని అమెరికా వలసపోయాడు. చివరకు ఉత్తర డకోటాలో స్థిరపడ్డాడు. అది అరచెయ్యంత చదునైన మైదానం. మంచు వుంది, చలి వుంది. జారడానికి కొండ లేదు. అయినా గోడవారగా ఒక జత చెక్కలు ఎప్పుడూ వుంచుకునేవాడని చెబుతారు. 1897 మార్చిలో అక్కడే కన్నుమూశాడు. డెన్‌బీ అనే వూరి శ్మశానంలో అతని సమాధి ఏది అన్నది చాలాకాలం గుర్తు లేకుండానే వుండిపోయింది.

1952లో శీతాకాలపు ఒలింపిక్స్ ఆస్లోకు వచ్చాయి. జ్యోతి ఎక్కడ వెలిగించాలి? గ్రీసునుంచి తెప్పించవచ్చు. నార్వే వాళ్ళు అట్లా చేయలేదు. మోర్గెడాల్ పల్లెలో, నోర్‌హైమ్ పుట్టిన గుడిసెలో, వంట వండుకునే పొయ్యిలో వెలిగించారు. వెలిగించినవాడు ఓలాఫ్ బ్యోలాన్, డెబ్భైఎనిమిదేళ్ళ వృద్ధుడు, ఆ వూరివాడే. 1911లో అముండ్‌సెన్‌తో దక్షిణధ్రువం చేరిన అయిదుగురిలో అతను ఒకడు. స్కీ వీరుడూ, వడ్రంగీ. ధ్రువయాత్ర బండ్లను చిత్రికపట్టి వాటి బరువు మూడోవంతుకు దింపినవాడు. ఆ పొయ్యి నిప్పును 94 మంది స్కీలమీద చేతులు మార్చుకుంటూ ఆస్లోకు చేర్చారు. చివర అందుకొని మైదానంలో వెలిగించిన యువకుడు నాన్సెన్ మనుమడు.

కౌలుకూలి పొయ్యిలోంచి నిప్పు తీసి దేశాలన్నీ చూస్తుండగా ఎత్తిపట్టడం చిన్న సంగతి కాదు. ఎనభైనాలుగేళ్ళ కిందట నోర్‌హైమ్ చెక్కలమీద రాజధానికి వెళ్ళినట్టే ఆ నిప్పూ చెక్కలమీదనే వెళ్ళింది. డెన్‌బీలో ఇప్పుడు అతనికి గుర్తురాయి కూడా వుంది. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నామో జ్ఞాపకం పెట్టుకుంటే ఇటువంటి బాకీలు ఆలస్యంగానైనా తీరుతాయి. థామ్సన్ ఆరువేల డాలర్లు మటుకు ఇంకా రావలసే వున్నాయి.